జాతాని చెయ్యి, తూమె నోరు

జాతానికి గొంతు పోయిన ఏడు ఎండలు పెందలాడే వచ్చిపడ్డాయి. వానగుంటలు నెల ముందే ఎండి పగుళ్ళిచ్చాయి. ఆవుల్ని మేపుకుని బతికే బోరనా వాళ్ళ మందలన్నీ గాలో బావి దారి పట్టాయి.

గాలో బావి చాలా లోతు. లోపల ఏడుగురు మగవాళ్ళు ఒకరి తల మీద ఒకరన్నట్టు గట్లమీద నిలబడి, పాట పాడుతూ, బకెట్లు చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తే మట్టితొట్టి నిండుతుంది. ఆవులు తొట్టి దాకా దిగి రావడానికి భూమిని కోసి చేసిన ఏటవాలు బాట ఒకటుంది. రెండు ఆవులు పక్కపక్కన పట్టేంత వెడల్పు, అంతే. ఆ బాట మొదట్లో ఒక చదును రాయి, ఆ రాయి మీద జాతాని.

వంతులు చూసే పెద్ద అతను. ఏ రోజు ఎవరి మంద దిగాలి, ఎవరి తర్వాత ఎవరు, దూరం నుంచి నడిచొచ్చిన మందని ఎక్కడ చొప్పించాలి, ఈనబోయే ఆవుకి ఎవరు చోటివ్వాలి, ఇదంతా అతని తలలోనే ఉండేది. కాగితం మీద ఒక్క గీత లేదు. ఎవరి వంతు వాళ్ళకి తెలుసు గానీ మొత్తం వరస తెలిసినవాడు అతనొక్కడే. వానలు బాగా పడ్డ నెలల్లో ఆ న్యాయమంతా నిద్రపోయేది. ఎవరి ఆవులు ఏ గుంటలో మూతి పెట్టినా అడిగే నాథుడు లేడు. గుంటలెండిన మర్నాడు జాతాని వచ్చి రాయి మీద కూర్చుని కర్రతో నేల తట్టేవాడు. అప్పటిదాకా ఇష్టారాజ్యంగా తిరిగినవాళ్ళంతా బుద్ధిగా వరసలో నిలబడేవాళ్ళు.

అలాంటి మనిషికి గొంతులో కాయ లేచింది. యాబెలో పట్నంలో డాక్టరు దాన్ని కోసేసి, "నలభై రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. మాట్లాడితే గొంతు మళ్ళీ రాదు" అని చెప్పి పంపాడు.

ఆ మాట విని భార్య తూమె మొదట నవ్వింది. నవ్వి, మొగుడి మొహం చూసి ఆపుకుంది. "పోనీలేవయ్యా, నలభై రోజులు నేను మాట్లాడుకుంటా. నువ్వు విను. పెళ్ళయినప్పట్నించీ నాకా అవకాశం రాలేదు" అంది. జాతాని కర్ర ఎత్తాడు. దాని అర్థం తూమెకి తెలుసు. ఆమె నవ్వుతూనే కాఫీ గింజలు వెన్నలో వేయించడానికి లేచింది.

రాయి ఖాళీగా ఉండకూడదు కాబట్టి జాతాని మర్నాడు ఎప్పట్లాగే వచ్చి కూర్చున్నాడు. అతని సైగలు చదివి పైకి చెప్పే పనికి సోరా ముందుకొచ్చాడు. సోరా అతని తమ్ముడి కొడుకు, బావి లోపల బకెట్లందించే ఏడుగురిలో అందరికంటే గట్టి గొంతు వాడిదే.

"పెదనాయన చెయ్యి నేను చదవలేనా? చిన్నప్పట్నించీ ఆ చేతి దెబ్బలు తిన్నోణ్ణే గదా" అన్నాడు.

జాతాని మూడు వేళ్ళు చూపించాడు. ఇవాళ తాగిన మందలు మళ్ళీ మూడోరోజు రావాలని దాని భావం. సోరా బాట వైపు తిరిగి, "మూడు మందలు దిగండహో!" అని కేకేశాడు.

మూడు మందలు దిగాయి. రెండు ఆవులు పట్టే బాటలో నాలుగేసి ఇరుక్కున్నాయి. కింద తాగేసినవి పైకి రాలేవు, పైనున్నవి కిందికి పోలేవు. బావిలో మగవాళ్ళకి ఇదంతా తెలీదు, హుషారుగా పాడుతూ నీళ్ళు పోస్తూనే ఉన్నారు. తొట్టి పొంగి పొర్లి బాటంతా బురదైంది. ఆ బురదలో గొలిచ జారి కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల అందరికంటే పెద్ద మంద అతనిది, అందరికంటే పెద్ద తలపాగా కూడా అతనిదే. వెనకనున్న ఎర్రావు ఒకటి ఆ తలపాగాని తాపీగా నోట్లోకి తీసుకుని నమలడం మొదలెట్టింది.

"ఒరేయ్, ఎవడిదిరా ఈ ఆవు!" అని అరిచాడు గొలిచ.

"నీదే బాబాయ్!" అన్నారు పైనుంచి.

రాయి మీద జాతాని రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. సోరా దాన్ని కూడా చదవబోయాడు గానీ జనం వాడి నోరు మూశారు.

రెండో రోజు కూడా సోరాయే చెప్పాడు గానీ ఎవరూ నమ్మలేదు. ఎవరి లెక్క వాళ్ళు కట్టుకుని వచ్చారు. ఒకరి లెక్క ప్రకారం వాళ్ళు ముందు, ఇంకొకరి లెక్క ప్రకారం వీళ్ళు ముందు. మూడో రోజు తెల్లారేసరికే ఐదు మందలు దుమ్ము లేపుకుంటూ వచ్చేశాయి. కర్రలు లేచాయి గానీ ఎవరి మీదా పడలేదు. నీళ్ళ దగ్గర మనిషి మీద చెయ్యి చేసుకుంటే బోరనా వాళ్ళలో తలెత్తుకు తిరగలేరు. కొట్టుకోలేరు కాబట్టి అరుచుకున్నారు. నాలుగు రోజుల్లో చాలామంది గొంతులు జాతాని గొంతు కంటే అధ్వాన్నంగా తయారయ్యాయి.

ఆ గోలలో ఒక విచిత్రం జరిగింది. దాన్ని తూమె ఒక్కతే గమనించింది.

వంతులు సక్రమంగా నడిచే రోజుల్లో ఇంటి నీళ్ళకి వచ్చే ఆడవాళ్ళు ఆఖరు. గాడిదల మీద పసుప్పచ్చ డబ్బాలు కట్టుకుని పొద్దున్నే వచ్చి, మందలన్నీ తాగి పోయేదాకా తుమ్మచెట్ల కింద కూర్చునేవాళ్ళు. చివరికి వాళ్ళకి దొరికేది బావిలో మగవాళ్ళ ఓపిక అయిపోయాక మిగిలిన నీళ్ళు. ఇప్పుడు మగవాళ్ళంతా బాట పైన వాదించుకుంటుంటే, ఆడవాళ్ళు పక్కనుంచి గాడిదల్ని నడిపించుకెళ్ళి, ఎలాగూ పొంగిపోతున్న తొట్టిలో డబ్బాలు ముంచుకుని, ఎండ ముదరకముందే ఇంటిదారి పట్టేవాళ్ళు. అడ్డుపడేవాడు లేడు. అడ్డుపడాలంటే న్యాయం ఉండాలి కదా.

తూమె పక్కింటి బొకాయోకి మొగుడు పోయాడు, ముగ్గురు చిన్నపిల్లలు. నాలుగో రోజు ఆమె పొద్దున్నే ఇంటి ముందు కూర్చుని పిల్లలకి పాలు వేసిన టీ పోస్తూ కనిపించింది.

"ఏంది బొకాయో, బావికి పోలేదా?" అంది తూమె.

"పోయొచ్చా కూడా అక్కా! ఈ వేళకి నేను ఇంట్లో కూర్చోవడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఏం చెయ్యాలో తోచట్లా. రెండుసార్లు టీ పెట్టేశా" అని నవ్వింది.

ఐదో రోజు పెద్దలు నలుగురూ కూడి తూమె ఇంటికి వచ్చారు. ముందు ఆవుల క్షేమం, దూడల క్షేమం, ఆకాశం క్షేమం అడిగి, కాఫీ తాగి, పెదాలకి వెన్న అంటించుకుని, అప్పుడు అసలు సంగతి మొదలెట్టారు. అందరి తరఫునా గొలిచ మాట్లాడాడు, కొత్త తలపాగాతో.

"వదినా, అన్న చెయ్యి నీకంటే బాగా చదివేవాళ్ళు లేరు. నువ్వొచ్చి రాయి పక్కన నిలబడు. మాట అన్నదే, నోరు మాత్రం నీది."

"ఆడమనిషి అరిస్తే మీ ఆవులు వింటాయా?" అంది తూమె.

"ఆవులు వింటాయిలే. మా సంగతే చూడాలి" అన్నాడు గొలిచ.

తూమె వెళ్ళి నిలబడింది. మొదటి వారం రోజులు ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. జాతాని గడ్డం తాకితే బావి తవ్వించిన ఇంటివాళ్ళ మంద. అరచెయ్యి బోర్లిస్తే దూడతల్లులు. చిటికెన వేలు ముడిస్తే దూరాన్నించి వచ్చినవాళ్ళు. మూడు వేళ్ళంటే మూడోరోజు, మూడు మందలు కాదు. పెళ్ళయిన నాటి నుంచి ఉప్పు తక్కువైతే ఒక వేలు, చుట్టాలొస్తే రెండు వేళ్ళు చూపించే మనిషితో కాపురం చేసిన ఆమెకి ఇదొక లెక్క కాదు. బాటలో బురద ఆరింది. ఆవులు ఒకటొకటిగా దిగి, తాగి, పొట్టలు గుండ్రంగా నింపుకుని ఎక్కి వచ్చాయి. లోపలి మగవాళ్ళ పాట మళ్ళీ చేతులతో కలిసింది. ఆ పాట పైకి వినిపిస్తుంటే ఎదురుచూసే ఆవులు చెవులు కదిపేవి. ప్రతి బకెట్టూ పాట విరిగేచోటే పైకొచ్చేది. అది చూస్తుంటే తూమెకి ఒళ్ళు పులకరించింది. ఇంత అందమైన దాన్ని ఈ మనిషి ఇన్నేళ్ళూ ఒంటరిగా తలలో మోశాడా అనిపించింది.

అయితే ఆడవాళ్ళు మళ్ళీ తుమ్మచెట్ల కింద కూర్చున్నారు.

ఒక సాయంత్రం బొకాయో గాడిదని తోలుకుని, నీరసంగా, సగం నిండిన డబ్బాలతో ఇంటికి వస్తూ తూమె దగ్గర ఆగింది. "అక్కా, ఏమనుకోకు. మీ ఆయన న్యాయం కంటే ఆ నాలుగు రోజుల గోలే నయం" అంది. అనేసి తను అన్నదానికి తనే నాలిక్కరుచుకుంది.

తూమెకి కోపం రాలేదు. రాలేదనే ఆమెకి ఆశ్చర్యమేసింది.

మర్నాడు పొద్దున్న జాతాని రాయి మీద కూర్చుని గడ్డం తాకాడు. తూమె గొంతు సవరించుకుంది. బాట పైన గొలిచ మంద, దాని వెనక ఇంకో రెండు మందలు, దూరంగా చెట్ల కింద గాడిదలు.

"ముందు ఇంటి నీళ్ళు!" అని కేకేసింది. "గాడిదలు దిగాలి! డబ్బాలు నిండి ఆడవాళ్ళు పైకి వచ్చాక, బావి తవ్వించిన ఇంటివాళ్ళ మంద!"

జాతాని తల తిప్పి భార్య వైపు చూశాడు. మళ్ళీ గడ్డం తాకాడు, ఈసారి గట్టిగా. తూమె చెట్ల వైపు చెయ్యి ఊపింది. "రండమ్మా, పెద్దాయన రెండోసారి కూడా చెబుతున్నాడు!"

జాతాని కర్ర నేలకేసి మూడుసార్లు బాదాడు.

"చూశారా, ఎంత గట్టిగా చెబుతున్నాడో!" అంది తూమె.

గొలిచకి అనుమానం వచ్చింది. "వదినా, ఆ మూడు దెబ్బలకి అర్థం నిజంగా అదేనా?"

"నా కాపురమంతా ఆ కర్రే మాట్లాడింది గొలిచా. నాకు తెలీదా? కావాలంటే నువ్వే చదువు, సోరా లాగా!"

మందల వెనకనుంచి నవ్వులు లేచాయి. గొలిచ చెయ్యి తనకి తెలీకుండానే తలపాగా మీదికి పోయింది. జాతాని ఇక ఆగలేక లేచి నిలబడి నోరు తెరిచాడు.

"వద్దు!" అని వందమంది ఒక్కసారి అరిచారు. "మాట్లాడొద్దు! గొంతు పోద్ది!" అందరికంటే ముందు గొలిచే ఉరికొచ్చి జాతాని నోటిమీద అరచెయ్యి వేసి నొక్కాడు. "అన్నా, నీకు దణ్ణం పెడతా, నోరు తెరవకు! మళ్ళీ ఆ నాలుగు రోజులు మావల్ల కాదు! నువ్వు చెప్పినట్టే గాడిదల్నే దిగనిస్తాం, సరేనా?"

గాడిదలు దిగాయి. బొకాయో అందరికంటే ముందు. బావిలో సోరాకి పైన ఏం జరిగిందో తెలీక, ఆవుల పాట ఎత్తుకోబోయి తొట్టి దగ్గర డబ్బా కనిపించేసరికి ఆపి, ఏం పాడాలో తోచక కాసేపు తటపటాయించి, పెళ్ళిపాట ఎత్తుకున్నాడు. మిగతా ఆరుగురూ నవ్వుతూనే అందుకున్నారు.

ఇంటికి వచ్చాక జాతాని కాఫీ ముట్టలేదు. కప్పు బోర్లించి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మాట్లాడలేని మనిషి అలిగితే ఇంత పెద్ద అలకవుతుందని తూమె అనుకోలేదు. ఆమె గుండె కొంచెం బరువెక్కింది. తన కోసం కాదు. అతను అబద్ధమన్నది ఎరగని మనిషి. అతని రాయి పక్కనే నిలబడి తను అబద్ధం ఆడింది.

"తప్పు చేశా" అంది. "నీ నోరు అప్పిస్తే దాంతో నా మాట మాట్లాడా. రేపు అందరి ముందూ ఒప్పుకుంటా. కానీ ఒక్క సంగతి విను. నువ్వా రాయి మీద కూర్చుంటే నీకు బాట కనిపిస్తుంది. చెట్ల కింద ఉన్నవాళ్ళు నీ వెనక్కి పడతారు. ఎన్నడన్నా తిరిగి చూశావా?"

జాతాని గోడ వైపు నుంచి తిరక్కుండానే బోర్లించిన కప్పు తిప్పిపెట్టాడు. తూమె కాఫీ పోసింది. మర్నాడు బావి దగ్గర ఒప్పుకోవడానికి ఆమె నోరు తెరవబోతుంటే అతను కర్రని ఆమె కాలి ముందు అడ్డంగా పెట్టాడు. ఆగమని అర్థం. తర్వాత ఆ రాయిని రెండు చేతులతో పట్టుకుని, మూలుగుతూ, కొంచెం పక్కకి జరిపాడు. అక్కడ కూర్చుంటే బాటా కనిపిస్తుంది, చెట్లూ కనిపిస్తాయి.

ఆ తర్వాత రోజులన్నీ అతను గమనిస్తూ ఉండిపోయాడు. ఆడవాళ్ళు తాగునీళ్ళు పట్టుకుపోయేసరికి పొద్దు ఒక జానెడు కూడా పైకి రాలేదు. బావిలో మగవాళ్ళకి ఒళ్ళు వెచ్చబడ్డాక మందలు దిగేవి కాబట్టి బకెట్లు ఇంకా చురుగ్గా కదిలాయి. పని తొందరగా తెమిలిన ఆడవాళ్ళలో కొందరు వెళ్తూ వెళ్తూ తొట్టి పగుళ్ళకి మట్టి మెత్తిపోయేవాళ్ళు, ఎవరూ అడక్కుండానే. గొలిచ మంద మునుపటి వేళకే తాగి పైకెక్కేది. అతను మాత్రం రోజూ గొణిగేవాడు.

నలభయ్యో రోజు గడిచింది. మర్నాడు బావి దగ్గర తిరునాళ్ళలా జనం. జాతాని కరిగిన వెన్న ఒక గుక్క మింగి రాయి మీద కూర్చున్నాడు. పెద్దలు దీవించారు: వాన కురవాలి, పాలు పొంగాలి, మాట చల్లగా ఉండాలి. "ఉండాలి, ఉండాలి" అన్నారు అందరూ. తూమె జనం వెనక, బొకాయో పక్కన నిలబడింది.

జాతాని నోరు తెరిస్తే మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత తుప్పుపట్టిన తలుపు తీసినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత మాట.

"ముందు," అన్నాడు. ఆగాడు. చెట్ల వైపు చూశాడు. "ముందు, ఇంటి నీళ్ళు."

బొకాయో తూమె చేతిని ఎముక విరిగేలా పట్టుకుంది. జాతాని వరసంతా చెప్పుకుపోయాడు. బావివాళ్ళు, దూడతల్లులు, దూరాన్నించి వచ్చినవాళ్ళు, గొర్రెలు, ఒంటెలు. అయ్యాక గొలిచ చెయ్యెత్తాడు.

"అన్నా, నీ గొంతు తిరిగొచ్చింది, సంతోషం. కానీ ఆ మొదటి మాట కొత్తది గదా? మా తాతలనాటి నుంచీ లేదే?"

"కొత్తదే" అన్నాడు జాతాని. "మీ తాతల నాడు దూడతల్లులు కూడా ఆఖర్నే తాగేవి. మా మేనమామ నాకు వరస నేర్పినప్పుడు అట్లాగే నేర్పాడు. ఓ ఏడు కరువులో చూళ్ళేక నేనే వాటిని ముందుకి జరిపా. ఎవరినీ అడగలా. నీ మందలో సగం దూడతల్లులే గదా గొలిచా. అదీ కొత్తదే. ఆఖరికి పంపమంటావా?"

గొలిచ తలపాగా సర్దుకున్నాడు. చుట్టూ చూశాడు. "ఒద్దులే అన్నా. పాత న్యాయమే బాగుంది."

"ఏది పాతది?" అని వెనకనుంచి సోరా అడిగాడు. జనం గొల్లున నవ్విన నవ్వుకి, వంతు కోసం నిలబడ్డ ఆవులు బెదిరి నాలుగడుగులు వెనక్కేశాయి. గొలిచ కూడా నవ్వాడు. నవ్వక తప్పలేదు, తర్వాత ఆపడమూ తప్పలేదు, దగ్గొచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఎనిమిదేళ్ళకొకసారి బోరనా వాళ్ళంతా ఒకచోట కూడి, ఉన్న న్యాయాల్ని ఒకటొకటిగా బయటపెట్టి, నిలవాల్సింది నిలిపి, మార్చాల్సింది మార్చే గుమి ఆ మరుసటి ఏడే వచ్చింది. ఇంటి నీళ్ళ మాట అక్కడికీ పోయింది. మూడు రోజులు మాట్లాడారట. గొంతు పెంచినవాళ్ళని ఆపి, దీవించి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నారట. చివరికి అన్ని బావులకీ అదే న్యాయమని చాటించారు.

జాతాని తిరిగొచ్చి గుమ్మంలో నిలబడగానే తూమె మొహం చూసి, "గెలిచావు" అన్నాడు. ఆమె పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "అయితే ఒక చిన్న మాట కలిపారు. ఒక్కో ఇంటికి రెండు గాడిదలకి మించి ముందు దిగకూడదు."

"రెండా? మనకి మూడున్నాయి గదయ్యా! ఎవడు కలిపాడా మాట?"

"ఇంకెవరు? గొలిచ. బాగానే మాట్లాడాడు. నాక్కూడా సబబుగా తోచింది."

తూమె ఆ పూటంతా గొలిచనీ, గుమినీ, మొగుణ్ణీ వరసపెట్టి తిట్టింది. వంట చేస్తూ తిట్టింది, పాలు పితుకుతూ తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి ఒక్కతే పడీపడీ నవ్వుకుంది.

మర్నాడు బావి దగ్గర తూమె రెండు గాడిదలతో దిగింది. ఆమె వెనక బొకాయో రెండు గాడిదలతో వచ్చింది. గొలిచ కళ్ళు చిట్లించి చూశాడు.

"వదినా, బొకాయోకి ఒకటే గాడిద గదా? ఆ చెవి చిరిగింది ఎవరిది?"

"ఇవాళ బొకాయోది."

"మరి రేపు?"

"అట్లాంటివేమన్నా ఉంటే ఎనిమిదేళ్ళ తర్వాత గుమిలో అడుగు" అంది తూమె.

రాయి మీద జాతాని నవ్వు ఆపుకోలేక, గొంతు నొప్పెడుతున్నట్టు మెడ పట్టుకుని అటు తిరిగాడు. కింద సోరా పెళ్ళిపాట ఎత్తుకున్నాడు, డబ్బాలు పైకి రావడం మొదలెట్టాయి.